మోకాలిలో మృదులాస్థి నాటవచ్చునా?

కీలులో ఎముకల కొనలను కప్పి ఉండే నునుపైన మృదులాస్థికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. చర్మంమీది గాయం మానినట్లు దాని గాయం మానదు. ఈ సంగతి విలియం హంటర్ 1743లోనే రాయల్ సొసైటీ పత్రికలో వ్రాశాడు. కనుకనే 1994లో స్వీడన్ దేశపు గోటెబర్గ్ వైద్యులు బ్రిట్‌బర్గ్, పీటర్సన్ ప్రభృతులు ప్రకటించిన వ్యాసం అంత సంచలనం కలిగించింది.

వారి పద్ధతి మన రైతు నారు పోసి నాటడం వంటిదే. రోగి మోకాలిలోనే చెడని చోటునుంచి కాస్త మృదులాస్థి తీశారు. అందలి కణాలను రెండు మూడు వారాలు ప్రయోగశాలలో పెంచారు. గాయం మీద ముంగాలి ఎముకనుంచి ఒలిచిన పలుచని పొరను కుట్టి, దాని అడుగున కణాలను ఉంచారు. రోగులు 23 మంది. తొడ ఎముక కొన గాయపడిన 16 మందిలో 14 మందికి రెండేళ్ళనాటికి మంచి ఫలితం కనిపించింది. మోకాలిచిప్ప గాయపడిన ఏడుగురిలో ఇద్దరికే కనిపించింది. ఈ రెండవ అంకెను దాచనందుకు వారిని మెచ్చుకోవలసిందే. వ్యాసాన్ని పొగిడేవారికి మాత్రం మొదటి అంకే గుర్తుంటుంది!

వ్యాసంలోని లోపం వేరు. పోలిక కోసం మరొక జట్టు లేదు. ఆకుకు నల్లకాగితం చుట్టి పిండిపదార్థాన్ని పరీక్షించేటప్పుడు కొంత భాగం కప్పకుండా ఎందుకు వదులుతామో మన విద్యార్థులకు తెలుసును. ఆ 14 మందికి మేలు చేసింది నాటిన కణాలా? పైన కుట్టిన పొరా? ఆ పొరకు తానుగా మృదులాస్థిని పుట్టించే శక్తి కొంత ఉన్నదాయె. లేక, తరువాతి విశ్రాంతి, వ్యాయామాలా? వ్యాసం చదివి చెప్పలేము.

ఆ పోలిక నార్వేలో జరిగింది. మృదులాస్థి కింది ఎముకకు సన్నని రంధ్రాలు పొడిచి, మజ్జనుంచి వచ్చే రక్తం గడ్డకట్టి పూడుకొనేట్లు చేసే తేలిక పద్ధతి ఒకటి ఉన్నది. అందులో ప్రయోగశాలతో పనిలేదు, రెండవ శస్త్రచికిత్స లేదు. 80 మంది రోగులలో సగం మందికి ఇది, సగం మందికి కణాలు నాటడం చేశారు. 2004లో రెండేళ్ళ ఫలితం ప్రకటించారు: చాలా కొలతలలో చెప్పుకోదగిన తేడా లేదు; శారీరక ఆరోగ్యపు కొలతలో మాత్రం రంధ్రాల పద్ధతే మెరుగు. 2007లో అయిదేళ్ళ ఫలితం: రెండు జట్లలోనూ తొమ్మిదేసి మందికి చికిత్స విఫలమైంది.

అంతటితో కణాల పద్ధతిని కొట్టివేయడం కూడ తొందరపాటే. పెద్ద గాయాలున్న 144 మందిపై జరిపి 2014లో ప్రకటించిన మరొక పరీక్షలో, పొరకు బదులు ఒక పటలంపై కణాలను పెంచి అమర్చగా, నొప్పి, నడక విషయాలలో రంధ్రాల పద్ధతికంటె మెరుగనిపించింది. అయితే పూడిన కణజాలాన్ని పరీక్షిస్తే రెండు జట్లలోనూ ఒకే తీరుగా ఉన్నది. పైగా తమకు ఏ చికిత్స జరిగిందో రోగులకు ముందే తెలుసును.