మిగిలిన ఆ మూడూ

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నరసరావుపేట కొత్త పల్నాడు జిల్లాకు కేంద్రమైంది. మాచర్ల, గురజాల గుంటూరు జిల్లా నుంచి పల్నాడులోకి వచ్చాయి. ఇలాంటి మార్పు వచ్చినప్పుడల్లా డేటాబేస్‌లు చూసేవాళ్లను అడిగే ప్రశ్న ఒకటే: ఏవైనా చెడతాయా? జిల్లాల టేబుల్‌లో కొత్త వరసలు చేర్చినంత మాత్రాన ఒరాకిల్ డేటాబేస్‌లో ఏదీ 'ఇన్‌వాలిడ్' (చెల్లనిది) కాదు. టేబుల్ నిర్మాణం మారినా, ప్యాకేజీ స్పెసిఫికేషన్ మారినా దాన్ని నమ్ముకున్నవి ఇన్‌వాలిడ్ కావచ్చు. ప్యాకేజీ బాడీ ఒక్కటే మారితే వాటికి ఢోకా లేదు.

'ఇన్‌వాలిడ్' అన్న మాట కనబడగానే కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు దానర్థం మళ్లీ కంపైల్ చేయాలనే; ఎవరైనా వాడబోతే ఒరాకిలే ఆ పని చేసుకుంటుంది. ఆ ఆబ్జెక్ట్ ఓనర్ ఒరాకిల్ సొంత యూజర్ 'సిస్' అయినప్పుడు మాత్రం ఊరుకోకూడదు. ప్యాచ్ తర్వాతో, అప్‌గ్రేడ్ తర్వాతో ఇలాంటి ఇన్‌వాలిడ్ ఆబ్జెక్ట్‌లు బయటపడతాయి. అప్పుడు అందరూ వాటిని మళ్లీ కంపైల్ చేసే 'యూటీఎల్ఆర్‌పీ' స్క్రిప్ట్ నడుపుతారు. మంచిదే, దేనిమీద ఏది ఆధారపడిందో చూసుకుని ఆ వరసలోనే కంపైల్ చేస్తుంది. వందల్లో ఉన్న లెక్క మూడుకు దిగుతుంది, టికెట్ మూసేస్తారు. నా పేచీ అక్కడే. రోగమంతా ఆ మూడింటిలోనే ఉంది.

నాగార్జునసాగర్ కుడికాలువ కింద చివరి పొలానికి నీళ్లందకపోతే రైతు తన గట్టు తవ్వుకోడు, పైన ఏ తూము మూసుకుందో చూసొస్తాడు. ఇదీ అంతే. 'డీబీఏ_ఎర్రర్స్'లో మొదటి ఎర్రరే చదవాలి. పీఎల్ఎస్-00905 అంటే తాను వాడుకునే మరో ఆబ్జెక్ట్ చెడిందని. దాని దగ్గరికి పోవాలి. పీఎల్ఎస్-00201 అంటే ఆ పేరే కనబడటం లేదని. ఆబ్జెక్టే లేకపోయి ఉండొచ్చు, లేదా పర్మిషన్ పోయి ఉండొచ్చు.

పర్మిషన్ ఎలా పోతుంది? భద్రత పేరుతో 'యూటీఎల్_ఫైల్' ఎగ్జిక్యూట్ హక్కును 'పబ్లిక్' నుంచి తీసేయమని ఆడిట్‌వాళ్లు రాస్తారు. సలహా తప్పని అనను. కానీ తీసేయగానే, ఆ హక్కు మీదే నడుస్తున్న ప్యాకేజీలు పడిపోతాయి, ఎన్నిసార్లు కంపైల్ చేసినా లేవవు. వాటి ఓనర్‌కు గ్రాంట్ నేరుగా ఇవ్వాలి. రోల్ ద్వారా ఇచ్చి, ఇంకా లేవదేమని తల పట్టుకునేవాళ్లు చాలామంది. డిఫైనర్ హక్కులతో నడిచే ప్రొసీజర్‌ను కంపైల్ చేసేటప్పుడు ఒరాకిల్ రోల్‌ను లెక్కలోకి తీసుకోదు మరి.

'డీబీఏ_రిజిస్ట్రీ'లో ఒక కాంపొనెంటే ఇన్‌వాలిడ్ అని కనబడితే ఎర్రర్లు రాసుకుని, బ్యాకప్ చూసుకుని, ఒరాకిల్ సపోర్ట్‌ను అడగండి. 'సిస్' కింద ఉన్నదాన్ని డ్రాప్ చేసి మళ్లీ సృష్టిద్దామనే ధైర్యం వద్దు.

నరసరావుపేట ఇంజినీరింగ్ కాలేజీల నుంచి ఈ ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లలకు ఒక్కటే చెబుతాను. ప్యాచ్ వేయకముందే ఇన్‌వాలిడ్ జాబితాను ఒక టేబుల్‌లో దాచుకోండి. లేకపోతే పాత రోగమేదో, మీ చేతిమీదుగా వచ్చిందేదో మీ మేనేజర్‌కు చెప్పలేరు.