మూడో పిన్ను

డెబ్బయ్యో దశకంలో వేసవి సెలవులకి ఉయ్యూరు దగ్గర మా తాతగారి ఊరు వెళ్తే, సాయంత్రంపూట నాకో పని ఉండేది. బావి గట్టు పక్కన నేలలోకి దిగ్గొట్టిన ఇనుప గొట్టం మొదట్లో చెంబెడు నీళ్లు పోయాలి. ఆ గొట్టానికి బిగించిన రాగితీగ గోడ వెంబడే పాకి, కిటికీ చువ్వల్లోంచి లోపలికి వచ్చి, వాల్వు రేడియో వెనక ‘ఎర్త్’ అని రాసిన చోట చేరేది. పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన ఏరియల్ తీగ వీధిలోంచే కనపడేది. దాన్ని చూసే, ఈ ఇంట్లో రేడియో ఉందని ఊళ్లో చెప్పుకునేవారు. నేలలోకి పోయిన రెండో తీగ సంగతి తాతగారికి తప్ప ఎవరికీ పట్టేది కాదు. “నేల ఎండితే రేడియోకి గొంతు ఎండుతుందిరా” అనేవారాయన.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నాకు ఊహ తెలిసేనాటికి డెల్టా పల్లెల్లో తెల్లవారడమంటే భక్తిరంజనే. ఆ పాట అంత తేటగా రావడంలో నా చెంబెడు నీళ్లకీ భాగం ఉందని నాకు గట్టి నమ్మకం ఉండేది. పెద్దయ్యాక ఆ నమ్మకాన్ని మర్చిపోయాను. దాని ఫలితం మా ఇంట్లో ఇంకొకరు అనుభవించారు.

ఇరవై ఏళ్ల కిందట విజయవాడ మొగల్రాజపురంలో కొండ పాదాన ఒక పాత ఇంట్లో అద్దెకుండేవాళ్లం. చాలాకాలం డబ్బు కూడబెట్టి ఒక యాంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు కొన్నాను. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతుని, ఆయన మన ముందర కూర్చుని పాడుతున్నట్టు వినాలని కోరిక. అన్నీ బిగించి పాట పెడితే, పల్లవికీ చరణానికీ మధ్య ఖాళీ వచ్చినచోటల్లా అడుగునుంచి బుయ్యిమని ఒక హోరు. రాగానికి సంబంధం లేని శ్రుతి పెట్టెని ఎవరో పక్కగదిలో మోగిస్తున్నట్టు ఉండేది. వారం రోజులు తీగలు మార్చాను, పెట్టెలు జరిపాను. పోలేదు. చివరికి తెలిసినాయన ఒకరు, “ప్లగ్గుకి పైనున్న లావుపాటి మూడో పిన్ను తీసేయండి, దెబ్బకి పోతుంది” అన్నారు. తీసేశాను. నిజంగానే పోయింది. ఆ రాత్రి పాటలు ఎంత హాయిగా విన్నానో ఇప్పటికీ గుర్తుంది.

ఆరు నెలలు గడిచాయి. శ్రావణమాసంలో ఒక సాయంత్రం మా ఆవిడ గది తుడుస్తూ, తడి గచ్చు మీద ఉత్తికాళ్లతో నిలబడి, యాంప్లిఫయరు మీద దుమ్ము కనపడితే చేత్తో తుడవబోయింది. కెవ్వుమని అరుపు వినిపించింది. వెళ్లేసరికి గోడకి ఆనుకుని కూలబడి ఉంది. చెయ్యి వెనక్కి లాక్కోగలిగింది కాబట్టి బతికింది. భుజం దాకా తిమ్మిరి రెండు రోజులు ఉంది. ఆ పిన్ను తీసిన చెయ్యి నాది.

మర్నాడు యాంప్లిఫయరుని గవర్నరుపేటలో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు దాన్ని విప్పలేదు. ప్లగ్గు చేతిలోకి తీసుకుని, మూడో పిన్ను ఉండాల్సిన చోట వేలు పెట్టి చూపించారు. “హోరు ఏదో చెప్పబోతే దాని నోరు నొక్కేశావు బాబూ” అన్నారు. తర్వాత విప్పి చూపించారు. వానాకాలపు చెమ్మకి ట్రాన్స్‌ఫార్మరులో చుట్ల మీది పూత దెబ్బతిని, ఫేజు కరెంటు ఇనుప పెట్టెలోకి దిగుతోంది. మూడో పిన్ను ఉండి, ఆ వెనక సరైన ఎర్తు ఉంటే, ఆ కరెంటు మనిషి కోసం చూడకుండా నేలలోకి పోయేది. దారి లేక, పెట్టె మీదే కాచుకుని ఉంది.

ఆయన దగ్గర ఆ రోజు నేర్చుకున్నది అందరికీ చెప్పాలని ఇన్నాళ్లకి ఈ కాలమ్ రాస్తున్నాను. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. టీవీ ఒక గోడ ప్లగ్గులోనూ యాంప్లిఫయరు ఇంకో గోడ ప్లగ్గులోనూ పెట్టి, రెండిటినీ ఆడియో తీగతో కలుపుతాం. పైగా వీధి స్తంభం మీదనుంచి కేబుల్ టీవీ తీగ వచ్చి టీవీలో చేరుతుంది. అప్పుడు ఎర్తుకి రెండు మూడు దారులు ఏర్పడి చుట్టు తిరుగుతాయి. ఆ దారుల మధ్య కాస్త వోల్టేజీ తేడా ఉన్నా చాలు, కరెంటు ఆడియో తీగ పై అల్లిక గుండా పారి, యాంప్లిఫయరులో పెద్దదై, అదే 50 ఊపుల హోరై వినపడుతుంది. మూడో పిన్ను తీస్తే ఆ చుట్టు తెగి హోరు ఆగుతుంది. కానీ తెంపింది మనిషి ప్రాణానికి అడ్డు నిలిచే దారిని.

హోరు మూలం తెలుసుకోవడానికి పిన్ను జోలికి పోనక్కర్లేదు. యాంప్లిఫయరులోకి వచ్చే ఆడియో తీగలన్నీ ముందు తీసేయాలి. అప్పటికీ హోరు ఉంటే లోపం లోపలే ఉంది. పాతబడిన సెట్లలో ఫిల్టరు కెపాసిటర్లు డస్సిపోతే వచ్చే హోరు సెకనుకి 100 సార్లు ఊగుతుంది. సంగీతం తెలిసినవారు చెవితోనే పట్టేయవచ్చు. 50ని షడ్జమనుకుంటే 100 దాని పై స్థాయి షడ్జం. తీగలు తీయగానే హోరు పోతే, ఒక్కొక్కటే తిరిగి పెడుతూ ఏది పెట్టినప్పుడు వస్తోందో చూడాలి. మన ఊళ్లలో చాలాసార్లు దొరికే దొంగ ఆ కేబుల్ టీవీ తీగే. దానికి మధ్యలో పెట్టే ఐసొలేటర్లు దొరుకుతాయి. టీవీ, సెట్‌టాప్ బాక్సు, యాంప్లిఫయరు మూడింటినీ ఒకే బోర్డు నుంచి నడిపినా చాలావరకు పోతుంది. కొత్త టీవీలకి ఆప్టికల్ తీగ పెట్టుకునే వీలుంది. అందులో వెలుగే తప్ప కరెంటు పారదు కనుక హోరుకి దారే లేదు.

మా ఇంట్లో కథ అక్కడితో అయిపోలేదు. కొత్త ప్లగ్గు వేయించి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోర్డు విప్పిస్తే, లోపల ఎర్తు తీగే లేదు. ఎర్తు రంధ్రాన్ని చిన్న తీగముక్కతో పక్కనున్న న్యూట్రల్‌కి కలిపేశారు. ఇది మన ఇళ్లలో కొత్తకాదు. టెస్టు చేస్తే బల్బు వెలుగుతుంది, ఎర్తు ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే, ఫేజు కరెంటు సామాను గుండా చుట్టి వచ్చి, ఆ ముక్క మీదుగా ఇంట్లో ప్రతి ఇనుప పెట్టెనీ పట్టుకుంటుంది. ఎర్తు లేని ఇంటికంటే ఇలాంటి ఎర్తున్న ఇల్లు ప్రమాదం. ఉన్న పిన్ను వెనక ఏముందో చూడకపోతే మూడు పిన్నులూ ఉండి ప్రయోజనం లేదు.

మూడో పిన్ను మిగతా రెండిటికంటే పొడుగ్గా ఎందుకుంటుందో కూడా అప్పుడే తెలిసింది. ప్లగ్గు పెట్టేటప్పుడు అది అందరికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికంటే చివర వదలాలి. కరెంటు రాకముందే కాపలా వచ్చి నిలబడాలి, కరెంటు పోయాకే వెళ్లాలి. కంపెనీ నుంచే రెండు పిన్నులతో వచ్చే సెట్ల సంగతి వేరు. వాటిమీద ఒక చదరంలో ఇంకో చదరం ఉన్న గుర్తు ఉంటుంది. లోపల రెండు పొరల రక్షణ ఉందని దాని అర్థం. మూడు పిన్నులతో వచ్చినదాన్ని మనం రెండు చేయకూడదు.

ఎర్తు నేలనిబట్టి ఉంటుంది. ఉయ్యూరు, గుడివాడ వైపు నల్లమట్టి చెమ్మ పట్టి ఉంచుతుంది, కరెంటుకి సులువుగా దారిస్తుంది. మచిలీపట్నం, అవనిగడ్డ దాటి సముద్రంవైపు పోతే ఉప్పునేల ఇంకా బాగా దారిస్తుంది కానీ ఇనుప గొట్టాన్ని తొందరగా తినేస్తుంది. బెజవాడ కొండ పాదాల్లో ఇళ్లకి అంతా రాయే. మొగల్రాజపురంలో పూర్వులు గుహాలయాలు తొలిచిన రాయి అది. అక్కడ గొట్టం దిగడమే కష్టం, దిగినా రాయి దారివ్వదు. మాకు పెరట్లో మట్టి లోతుగా ఉన్న మూల వెతికి, ఎనిమిదడుగుల పైచిలుకు జీఐ గొట్టం దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేశారు. ఉప్పు కరెంటుకి దారి సులువు చేస్తుంది, బొగ్గు చెమ్మని పట్టి ఉంచుతుంది. పైన నీళ్లు పోయడానికి గరాటు పెట్టి మూత వేశారు. ఆ గరాటుని చూసినప్పుడు మా తాతగారి చెంబు గుర్తొచ్చింది.

ఎర్తు బాగున్నా అది ఒక్కటే చాలదని లెక్క వేస్తే తెలుస్తుంది. ఎర్తు గొయ్యి అడ్డు 10 ఓమ్‌లు అనుకుందాం. 230 వోల్టులకి 23 ఆంపియర్లు పారతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి వెంటనే పడిపోకపోవచ్చు. రాతినేలలో అడ్డు 100 ఓమ్‌లైతే పారేది 2.3 ఆంపియర్లే, ఎంసీబీకి చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే తడి ఒంటికి అడ్డు వెయ్యి ఓమ్‌లకి పడిపోతే ఒంట్లోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె ఆగడానికి అది చాలు. అందుకే మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. వెళ్లిన కరెంటుకీ తిరిగి వచ్చిన కరెంటుకీ ఆమాత్రం తేడా కనపడగానే అది రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. దానిమీద టెస్టు బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూసుకోవాలి. ఒకే మనిషి ఫేజునీ న్యూట్రల్‌నీ కలిపి పట్టుకుంటే మాత్రం దానికీ తెలియదు. ప్లగ్గు లేకుండా రెండు తీగలు రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చే అలవాటు అందుకే మానుకోవాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మా చెల్లెలి ఇంట్లో నీళ్లు రోజుల తరబడి ఉన్నాయి. టీవీ బల్ల కింది అరలో ఉన్న హోమ్ థియేటరు మునిగిపోయింది. నీళ్లు తీశాక నాలుగు రోజులు ఎండలో పెట్టి, “అన్నయ్యా, పొడిగానే ఉంది, ఒకసారి పెట్టి చూడనా?” అని ఫోను చేసింది. వద్దని గట్టిగా చెప్పాను. మెకానిక్కు విప్పితే బోర్డు కింద వేలి మందాన ఒండ్రు. పైకి ఎండినట్టున్నా ఆ ఒండ్రు గాలిలో చెమ్మని లాగి ఫేజుకి దారి కడుతుంది. మునిగిన ఇంట్లో గోడ లోపలి వైరింగు కూడా అంతే. ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూసి సరేనన్నాకే మెయిను వేయాలి. నీళ్లు వస్తున్నాయని తెలిస్తే ముందు మెయిను ఆపాలి, అదీ పొడి నేల మీద నిలబడగలిగితేనే. తీగలు కనపడకూడదని ఈమధ్య టీవీ వెనక ప్లగ్గుల్ని నేలకి జానెడెత్తులో పెట్టిస్తున్నారు. మా చెల్లెలు తన ఇంట్లో వాటిని నడుమెత్తుకి మార్పించింది. ఏటి పక్కన ఇల్లున్నవాళ్లందరూ ఆలోచించాల్సిన మాట.

గాలివానలప్పుడు ఇంకో సంగతి. వీధి లైన్లో న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400 దగ్గర దాకా రావచ్చు. కొన్ని బల్బులు విపరీతంగా వెలిగి, కొన్ని గుడ్డిగా అయితే ఇంకేమీ చూడకుండా మెయిను ఆపాలి. పిడుగులు పడేలా ఉంటే ఉరుములు వినపడకముందే ప్లగ్గుతోపాటు కేబుల్, డిష్ తీగ కూడా పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు. మామూలు రోజుల్లోనూ కొన్ని జాగ్రత్తలు కావాలి. స్పీకరు తీగల చివర్లు పోగులు విడిపోయి ఒకదానికొకటి తగిలితే యాంప్లిఫయరు కాలుతుంది, వాటిని మెలితిప్పి బిగించాలి. గాలి ఆడని అరలో ఇరికించినా, పైన లేసు గుడ్డ కప్పినా వేడి పోదు. ఆ వెచ్చదనానికి చేరిన బల్లి ఫేజుకీ పెట్టెకీ మధ్య పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది కాబట్టి, పని తెలియనివారు మూత విప్పకూడదు.

ఆ యాంప్లిఫయరు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ట్రాన్స్‌ఫార్మరు మార్చారు, మూడు పిన్నుల ప్లగ్గు వేశారు, హోరు కేబుల్ తీగదని తేలాక ఐసొలేటరుతో అదీ పోయింది. ఇల్లు మారినప్పుడు సామాను దించకముందే ఎర్తు చూపించుకున్నాను. ఇప్పుడున్న అపార్టుమెంటులో ఎర్తు గొయ్యి మూత స్కూటర్ల కింద ఉంటుంది. ఎండాకాలంలో ఆదివారాలు వాటిని జరిపి బకెట్టు నీళ్లు పోస్తాను.

మా ఆవిడకి ఇవన్నీ తెలుసు. అయినా దుమ్ము తుడిచేముందు ఆమె చెయ్యి ఆ పెట్టెకి బెత్తెడు దూరంలో ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత వంగి, ప్లగ్గు పీకి పక్కన పెట్టి, అప్పుడు గుడ్డ అందుకుంటుంది.