అంటు

ఒక్క తెలుగు మాటకి ఎన్ని అర్థాలో చూశారా అని మురిసిపోయే వ్యాసాలు మనకి చాలానే ఉన్నాయి. పట్టు, కొట్టు, పెట్టు, పడు - ఏదో ఒకటి తీసుకుని పాతిక ప్రయోగాలు ఏకరువు పెట్టి, చివర్లో మాతృభాషకి దణ్ణం పెట్టేస్తారు. నేనూ ఇష్టంగానే చదువుతాను. నా ఫిర్యాదల్లా ఒకటే. అర్థాలన్నీ ఒకే బంతిలో కూర్చుని భోంచేస్తున్నట్టు రాస్తారు. అవి అలా కూర్చోవు. 'అంటు' సంగతే చూడండి.

అంటు అంటే తాకు, అతుక్కొను. (ఈ వాక్యంలో 'అంటే' వేరే క్రియ, 'అను' నుంచి వచ్చింది. "అంటే ఏంటి?" అని అడిగితే "అంటే అంటుకుంటుంది" అని మా బాబాయి ఏడిపించేవాడు.) కన్నడంలో అంటు అంటే జిగురు. కవరు మీద స్టాంపు అంటిస్తాం, పొయ్యి అంటిస్తాం, మన తప్పు ఇంకొకరికి అంటగడతాం. ఇష్టంలేని పెళ్లిలో అంటీముట్టనట్టు తిరుగుతాం.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైన అర్థం మామిడితోటలోది. మా తాతయ్య టెంక నుంచి మొలిచిన నాటు మొక్కని కుండీతో సహా ఎత్తి, మంచి చెట్టు కొమ్మ పక్కన కట్టేవాడు. రెండిటికీ ఒక పక్క బెరడు చెక్కి, గాయానికి గాయం ఆనించి, నారతో బిగించేవాడు. రెండు మూడు నెలలకి అతుక్కున్నాక నాటు మొక్క తల, కొమ్మ మొదలు కోసేసేవాడు. కడియం నర్సరీల్లో 'అంటు మొక్క' అంటే ఇప్పటికీ గౌరవమే.

తర్వాత తలంటు. నరకచతుర్దశి నాడు ఇంకా తెల్లారకుండానే నాయనమ్మ నూనె మాడుకి పట్టించి, సున్నిపిండి నలిచి, కుంకుడు రసం పోసేది. కళ్లు మండితే నాలిక మీద ఉప్పు కల్లు వేసేది. ఈ తలంటు మన జ్ఞాపకాల వ్యాసాల్లో ఎన్నిసార్లు వచ్చిందో! ఆ పూటే, అదే పెరట్లో అంట్లు తోమిన మనిషి మాత్రం వాటిలో దాదాపు కనపడదు.

మా పెరట్లోకి ఆవిడ వెనక దొడ్డిదారిన వచ్చేది. నాయనమ్మ ఆవిడని 'అది' అనేది, ఆవిడ నాయనమ్మని 'అమ్మగోరూ' అనేది. బూడిద, చింతపండు, కొబ్బరిపీచు పెట్టి ఇత్తడి తళతళలాడేట్టు తోమి బోర్లించి వెళ్లేది. ఆ గిన్నెల మీద చెంబుడు నీళ్లు కుమ్మరించందే నాయనమ్మ లోపలికి తెచ్చేది కాదు. ఎంగిలి మాది. అంటు మాత్రం ఆవిడది.

మాకూ అంటు ఉండేది, కాదనను. దాయాదుల్లో ఎవరైనా పోతే పదిరోజులు మేమూ అంటే. అమ్మకి నెలనెలా మూడు రోజులు వసారాలో చాప, విడి కంచం. ఆ మూడు రోజులూ నాయనమ్మ మాట్లాడిన తీరు అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. కానీ మా అంటుకి గడువు ఉండేది. పదకొండో రోజు స్నానం, నాలుగో రోజు తలస్నానం. ఆవిడ అంటుకి ఏ రోజు స్నానం?

ఈ తేడా వ్యాకరణంలోనూ దాక్కుని ఉంది. 'మేము అంటుకోం' అంటే ఎవరు అంటుకోరో తెలుస్తుంది. 'అంటరాని' అనగానే ఆ కర్త మాయమైపోతాడు. చెప్పరాని, చూడరాని, అంటరాని - రాదన్నది ఎవరు? జవాబుండదు. పొడుగు, పొట్టి లాగా అది అవతలి మనిషి లక్షణమైపోతుంది. సంస్కృతంలో 'అస్పృశ్యత' అని రాస్తే మర్యాదగా ఉంటుంది కానీ, కర్త అక్కడా లేడు. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. దాన్ని అమలు చెయ్యడానికి వచ్చిన 1955 చట్టం గుడిలోకి రానివ్వనివాణ్ణి, బావి దగ్గర అడ్డుపడినవాణ్ణి నేరస్థుడంది. పోయిన కర్తని వాక్యంలోకి తిరిగి తెచ్చింది. మన నిఘంటువులు చెయ్యని పని.

కవిత్వంలో ఆ పని 1941లో జాషువా 'గబ్బిలం' చేసింది. తనకి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు కాబట్టి, పూజారి లేని సమయం చూసి శివుడి చెవిన తన గోడు వెయ్యమంటాడు కథానాయకుడు. దీన్ని కరుణరసానికి ఉదాహరణగా పాఠం చెబుతుంటారు. నాకైతే అందులో కరుణకన్నా వెటకారం ఎక్కువ వినిపిస్తుంది. గుడి కప్పుకి వేలాడే జీవికి లేని అంటు మనిషికి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆ కథే అడుగుతోంది కదా. కన్నీళ్ల పద్యంగా చదివితే పూజారి తప్పించుకుంటాడు.

2020లో కరోనాతో 'అంటు' సైన్సు టిక్కెట్టు కొనుక్కుని మళ్లీ వచ్చింది. అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర ముందు ఆపింది అంట్లు తోమేవాళ్లని. విమానం దిగి వచ్చింది వాళ్లు కాదు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకాయన "మన పెద్దవాళ్లు అంటు, మడి పెట్టింది ఇందుకే, అంతా సైన్సే" అని రాశాడు. చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి. అమ్మ గ్రూపులో ఎప్పుడూ ఏమీ రాయదు. ఆరోజు రాసింది: "మరి అత్తయ్యగారు నీళ్లు పోసింది తోమిన గిన్నెల మీద కదా. మనం తిన్న కంచాల మీద కాదే?"

ఎవరూ జవాబివ్వలేదు. కాసేపటికి బాబాయి మామిడికాయల ఫొటో పెట్టాడు.