మండుచున్న పొద యెదుట చిన్నబిడ్డ: గోల్డ్‌మన్ సిద్ధాంతముపై ఒక విమర్శ

ప్రాథమిక పాఠశాలలో మతబోధనను గూర్చి వ్రాయువారు నేటికిని రోనాల్డ్ గోల్డ్‌మన్ పేరును దాటిపోలేరు. ఇంగ్లాండులో 1944 నాటి విద్యాచట్టము పాఠశాలలలో మతబోధనను తప్పనిసరి చేసింది. ఇష్టము లేని తల్లిదండ్రులు తమ బిడ్డను ఆ తరగతినుండి తప్పించుకొనవచ్చును. ఇరువది సంవత్సరముల తరువాత, ఆ బోధన పిల్లల మనస్సులో ఏ రూపము దాల్చుచున్నదని గోల్డ్‌మన్ పరిశోధించారు. ఆరు మొదలు పదిహేడేండ్ల వయస్సుగల 200 మందిని ఒక్కొక్కరినిగా ప్రశ్నించారు. మోషే చూచిన పొద, ఎర్రసముద్రమును దాటుట, యేసు శోధన అను మూడు కథలను ఇందుకు వాడుకొన్నారు. ఫలితములను 1964లో 'రెలిజియస్ థింకింగ్ ఫ్రమ్ చైల్డ్‌హుడ్ టు అడొలెసెన్స్' అను గ్రంథముగా ప్రచురించారు.

ఆయన పియాజే మనోవిజ్ఞానమును అనుసరించారు. బిడ్డ సుమారు ఏడెనిమిది ఏండ్లవరకు విషయములను విడివిడి తునకలుగా పట్టుకొంటుంది, పదమూడేండ్ల ప్రాంతమువరకు కంటికి కనిపించు రూపములోనే ఆలోచిస్తుంది, భావరూపమైన ఆలోచన ఆ తరువాతనే వస్తుంది. కనుక పెద్దలకొరకు పెద్దలు వ్రాసిన బైబిలును చిన్నతరగతులలో విస్తారముగా బోధించుట మేలుకన్న కీడే చేయునని ఆయన తీర్మానించారు. 1965లో వెలువడిన 'రెడినెస్ ఫర్ రెలిజియన్'లో దానికి బదులు బిడ్డ అనుభవములోని రొట్టె, వెలుగు, గొఱ్ఱెలకాపరి వంటి అంశములనుండి బోధన ప్రారంభింపవలెనని సూచించారు.

ఇందులో సత్యము లేదని మేము అనము. మన సెలవుల బైబిలు పాఠశాలలలో ఆరేండ్ల బిడ్డచేత రక్తములో కడుగబడుటను గూర్చి పాట పాడించుచున్నాము. ఇంట బట్టలు ఉతుకుట మాత్రమే చూచిన ఆ బిడ్డకు కలుగు చిత్రము ఏమిటో మనలో ఎంతమంది అడిగాము? గోల్డ్‌మన్ అడిగారు. ఆ మేరకు మనము ఆయనకు ఋణస్థులము.

ఆయనకు వచ్చిన సువార్తిక విమర్శలో ముఖ్యమైనది కెన్నెత్ హౌకిన్స్ 1966లో వ్రాసినది. అద్భుతమును జరిగినది జరిగినట్లు నమ్మి చెప్పిన బిడ్డను తక్కువ మెట్టుమీద నిలుపుట మనోవిజ్ఞానము కాదు, పరిశోధకుని వేదాంతమే అనునది ఆ విమర్శలోని సారము. ఇది సరియైన విమర్శయే. అయితే మనవారు దీనిని వాడుకొను తీరు సరికాదు. గోల్డ్‌మన్ ఉదారవాది గనుక ఆయన మాట వినవలసిన పనిలేదని తీర్మానించి, కంఠతవాక్యములను, ప్రశ్నోత్తరములను యథావిధిగా సాగించుచున్నాము.

మా అభ్యంతరము వేరొకచోట ఉన్నది. పొద కాలిపోకపోవుటను ఎట్లు వివరింతువు, ఆ నేల ఎందుకు పరిశుద్ధమైనది అని గోల్డ్‌మన్ పిల్లలను అడిగారు. రెండును వివరణ కోరు ప్రశ్నలే. వివరింపలేనివాడు గ్రహింపలేదని అనుకొనుట న్యాయమా?

మన తెలుగు బిడ్డనే తీసికొందము. మూడేండ్లు నిండకమునుపే చెప్పులు గడపవెలుపల విడుచుట ఆ బిడ్డకు తెలుసును. మన పల్లె సంఘములు అనేకములలో ఆరాధనకు వచ్చువారు చెప్పులు బయట విడిచి చాపమీద కూర్చుందురు. మోషే చెప్పులు విడువవలసివచ్చెనని చెప్పినప్పుడు ఈ బిడ్డకు వింత తోచదు. ఎందుకని అడిగితే మాత్రము 'అమ్మ తిడుతుంది' అనునేమో. గోల్డ్‌మన్ కొలతలో అది అడుగుమెట్టు జవాబు. కాని ఇంగ్లాండు బిడ్డకు పాఠముగా నేర్పవలసినదానిని ఈ బిడ్డ కాళ్లతో నేర్చుకొన్నది.

ఇంతటితో సంతోషించి ఊరకుండుటకు వీలులేదు. మన దేశములో చెప్పులు విడుచుటకు మరియొక చరిత్ర ఉన్నది. పెద్దకులములవారి వీధిలో చెప్పులు చేతపట్టుకొని నడువవలసినవారి మనుమలు, మునిమనుమలు మన సంఘములలో కూర్చున్నారు. ఆ చెప్పులు కుట్టినవారి పిల్లలును వారిలో ఉన్నారు. అట్టి ఇంటి బిడ్డకు 'చెప్పులు విడువుము' అను మాట తాత చెప్పిన అవమానమును జ్ఞాపకము చేయవచ్చును. నిర్గమకాండము మూడవ అధ్యాయములో ఆ ఆజ్ఞ ఇచ్చువాడు మోషేను పేరుపెట్టి పిలిచినవాడు, బానిసల మొర విన్నవాడు, వారిని విడిపించుటకు అతనిని పంపువాడు. ఈ తేడాను వివరించుటకు మూడవ తరగతి బిడ్డకు మాటలు చాలవు, కాని దానిని వినగలదు. కథను సగములో ఆపి పరిశుద్ధతను గూర్చి మాత్రమే చెప్పు ఉపాధ్యాయుడు ఆ బిడ్డ చెవిలో దొర ఆజ్ఞనే మరల పలుకుచున్నాడు. గోల్డ్‌మన్ పట్టికలలో ఇటువంటి వినికిడికి గడి లేదు. మన ప్రశ్నోత్తరములలోను లేదు.

మన ఎయిడెడ్ మిషను పాఠశాలల విషయములో మరియొక మాట చెప్పవలెను. రాజ్యాంగములోని 28(3) అధికరణము ప్రకారము, ప్రభుత్వ గుర్తింపుగాని సహాయధనముగాని పొందు పాఠశాలలో చదువు మైనరు బిడ్డను సంరక్షకుని సమ్మతి లేకుండ మతబోధనలోగాని ఆరాధనలోగాని పాల్గొనుమని నిర్బంధింపరాదు. చేరిక దరఖాస్తుమీద తండ్రి వేలిముద్ర వేయించుకొని దానినే సమ్మతి అనుకొనుట ఆ అధికరణపు ఉద్దేశమును నెరవేర్చునని మాకు తోచదు. కంఠతవాక్యమునకు పది మార్కులు పెట్టినప్పుడు అన్యమతస్థుల ఇంటి బిడ్డకూడ తప్పులేకుండ ఒప్పజెప్పుతుంది. ఆ పది మార్కులు విశ్వాసమును కొలువవు, గ్రహింపును కొలువవు. తన ఇంటిలో పలుకలేని మాటను బడిలో పలుకుట మాత్రము ఆ బిడ్డకు అలవాటగును. మన క్రైస్తవ ఇండ్ల పిల్లలకును ఇదే జరుగుచున్నదని మా అనుమానము.

వేరు మార్గములు లేకపోలేదు. సోఫియా కవల్లెట్టి 1954 మొదలుకొని రోమునగరములో మాంటిస్సోరి పద్ధతిని ఆధారము చేసికొని చిన్నపిల్లలకు వాక్యమును వినిపించారు. ఆమెయొద్ద నేర్చుకొన్న జెరోమ్ బెరిమన్, కథ ముగిసిన తరువాత ఒకే జవాబు లేని ప్రశ్నలను పిల్లల యెదుట ఉంచుటను ఒక పద్ధతిగా రూపొందించారు. వీరి సామగ్రికగు ఖర్చు మన పాఠశాలలు భరింపలేనిదే. ప్రశ్నకు మాత్రము ఖర్చులేదు. నీవు అక్కడ ఉండినయెడల పొదకు ఎంత దూరములో నిలుచుందువు? ఎవరిని వెంట తీసికొని వెళ్లుదువు? ఇటువంటివి పరీక్షాపత్రములో ఇమడవు, మార్కులు వేయుటకును కుదరదు. ఆ పత్రమును తయారుచేయువారు చాలచోట్ల మన కాపరులే గనుక, రాబోవు విద్యాసంవత్సరమునకు మూడవ తరగతి బైబిలు పరీక్షను తీసివేయుటకు వారు ఎవరి అనుమతికొరకును ఎదురుచూడనక్కరలేదు.