మెరక చేసిన స్థలం

ఎండాకాలం కాలువలు కట్టేశాక భీమవరం, ఆకివీడు వైపు రోడ్ల నిండా మట్టి ట్రాక్టర్లే. పల్లపు చేలు, పాత చేపల చెరువులు సైట్లయిపోతాయి. నాలుగడుగులు మెరక చేస్తే గానీ బేరం తెగదు. ఎండు బుసక పోసి, పొక్లెయిన్‌తో పైపైన చదును చేసి, ముహూర్తం పెట్టేస్తారు.

అలా పోసిన మట్టిలో రేణువుల మధ్య బోలెడు ఖాళీ. వాటిని పట్టి ఉంచేది కాస్త బంక, కాస్త చెమ్మ. పొడిగా ఉన్నన్నాళ్లూ ఆ పట్టే ఇంటి బరువు మోస్తుంది. నీళ్లు దిగాయా, పట్టు సడలి రేణువులు ఖాళీల్లోకి జారతాయి. పైన కిలో బరువు పెరగకుండానే నేల కుంగుతుంది. తడిస్తే ఉబ్బే నల్లరేగడికి ఇది పూర్తిగా ఎదురు గుణం.

నిజానికి డెల్టా సొంత నేలకి ఈ జబ్బు తక్కువ. వరదల్లో, వరి మడుల్లో తరతరాలుగా నానిన మట్టి కొత్తగా తడిసి కూలేదేముంది? దాని తంటా వేరు: మెత్తటి బంకమట్టి బరువుకి ఏళ్ల తరబడి నెమ్మదిగా అణుగుతుంది. 1852 నాటికి కాటన్ దొర పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట కూడా ఇసుక మీదే వందేళ్లకు పైగా పనిచేసింది. అది ఎప్పుడూ తడిలో ఉన్న ఇసుక. కూలే నేలని ఇక్కడ మనమే తయారు చేసుకుంటున్నాం.

ల్యాబ్‌లో దీన్ని పట్టుకోవడం తేలిక. రింగులో మట్టి నమూనా పెట్టి, చదరపు మీటరుకి సుమారు 20 టన్నుల ఒత్తిడి దాకా ఎక్కించి నీళ్లు వదులుతారు. మందం 5 శాతం మించి తగ్గితే ఇబ్బంది, 10 దాటితే తీవ్రం.

కాలమ్స్ పాత నేల దాకా దింపిన ఇళ్లలో గోడలు బాగానే ఉంటాయి, మోసం చేసేది ఫ్లోరింగ్. స్కర్టింగ్ కింద వేలు దూరే సందు, కర్రతో తడితే డొల్ల చప్పుడు. ఫుటింగే మెరక మట్టిలో ఆగిపోతే మాత్రం కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు పాకుతుంది.

వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక పరీక్ష చెప్పాడు: గొయ్యి తీసి అదే మట్టితో పూడ్చాలి, మట్టి చాలకపోతే ఆ స్థలం మంచిది కాదు. అంటే నేల గుల్లగా ఉందన్నమాట. ఈశాన్యం అంగుళం తగ్గితే గోల పెట్టేవాళ్లు ఈ వాస్తు జోలికి మాత్రం పోరు.

మెరక చేయిస్తున్నారా? తొమ్మిది అంగుళాలు మించని పొరలుగా పోయించి, ప్రతి పొరా తడిపి రోలర్ తిప్పించండి. అంత ఖర్చు భరించలేకపోతే కనీసం ఒక వానాకాలం వదిలేసి, ఆ తర్వాతే శంకుస్థాపన పెట్టుకోండి.