అరువు శునకాలు – అసలు పరీక్ష: ‘మస్ట్ లవ్ డాగ్స్’ చిత్రం, తెలుగు కావ్య దౌత్యం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
శునకప్రియుల పరిచయాల చుట్టూ అల్లిన అమెరికన్ హాస్యప్రణయ చిత్రం ‘మస్ట్ లవ్ డాగ్స్’. ఇందులో శునకం నిర్వహించే పాత్రను తెలుగు కావ్యాలలోని దౌత్య సంప్రదాయంతోను, తిక్కన మహాప్రస్థానిక పర్వంలోని శునక ఘట్టంతోను పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ప్రణయం, దౌత్యం, శునకం, హంస, శృంగారనైషధం, మహాప్రస్థానిక పర్వం.

1. ఉపోద్ఘాతం:
క్లెయిర్ కుక్ 2002లో వెలువరించిన నవల ఆధారంగా గ్యారీ డేవిడ్ గోల్డ్‌బర్గ్ 2005లో ‘మస్ట్ లవ్ డాగ్స్’ చిత్రాన్ని రూపొందించారు. డయాన్ లేన్, జాన్ క్యూసాక్ నాయికానాయకులు. ‘కుక్కలంటే ఇష్టం ఉండి తీరాలి’ అనేది ఈ పేరుకు అర్థం. వధూవరుల ప్రకటనల్లో కులం, శాఖ, గోత్రం, ఎత్తు, జీతం వరుసగా చదవడానికి అలవాటుపడిన తెలుగు పాఠకునికి ఈ షరతు మొదట వింతగానే తోస్తుంది. అయితే పుట్టుకను గాక స్వభావాన్ని అడిగే షరతు కనుక దీనిని నవ్వి వదిలివేయడానికి వీలు లేదు. ఆ షరతును చిత్రం ఎంతవరకు నిలబెట్టుకున్నదన్నదే ఇక్కడి ప్రశ్న.

2. ఇతివృత్తం – అరువు తెచ్చిన అర్హత:
నాయిక సారా విడాకులు పొందిన శిశుపాఠశాల ఉపాధ్యాయిని. ఆమె తరఫున అంతర్జాలంలో పరిచయ ప్రకటన పెట్టినది ఆమె అక్క కరోల్. నాయకుడు జేక్ చెక్క పడవలు తయారుచేసే శిల్పి. అతడూ విడాకులు పొందినవాడే. అతణ్ణి ఈ పరిచయానికి పురికొల్పినది మిత్రుడు చార్లీ. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే కరోల్ సఖి, చార్లీ నర్మసచివుడు. ప్రణయారంభంలో నాయికానాయకులకు స్వయంగా మాట్లాడే అవకాశం లేకపోవడం మన కావ్యాలకు కొత్త కాదు.

శునకాల ఉద్యానంలో ఇద్దరూ తొలిసారి కలుసుకుంటారు. సారా వెంట తెచ్చిన ‘మదర్ థెరీసా’ అనే భారీ శునకం ఆమె సోదరునిది. జేక్ తెచ్చినదీ అరువు శునకమే. శునకప్రియుల ప్రణయంగా పేరుపడిన కథలో నాయికానాయకులిద్దరికీ సొంత శునకం లేకపోవడమే చిత్రంలోని అసలైన వ్యంగ్యం. ప్రేమకు అర్హతగా ప్రకటించిన గుణాన్ని ఇద్దరూ ఒక పూటకు అరువు తెచ్చుకున్నారు.

3. హంస నుండి శునకం వరకు:
శ్రీనాథుని శృంగారనైషధంలో బంగారు హంస నలుని చేత చిక్కి, విడుదల పొంది, ఆ కృతజ్ఞతతో దమయంతి వద్దకు దౌత్యానికి వెళ్తుంది. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలో శుచిముఖి అనే హంసి ఆ పని చేస్తుంది. ఈ పక్షులు మాటకారులు. వాటి వర్ణనా చాతుర్యమే ప్రణయబీజం. ఆధునిక చిత్రంలో దూతకు మాట లేదు. 1994 నాటి హిందీ చిత్రం ‘హమ్ ఆప్కే హై కౌన్’ తెలుగులో ‘ప్రేమాలయం’గా వచ్చింది. అందులో టఫీ అనే శునకం నాయిక రాసిన లేఖను నాయకునికి గాక అతని అన్నకు చేర్చి కథను మలుపు తిప్పుతుంది. హంస వాక్కుతో సాధించిన దానిని శునకం తన ఉనికితోనే సాధిస్తుంది. మాటలు కల్పించలేని జీవి గనుకనే దాని సాక్ష్యానికి విలువ.

ఈ దృష్టితో చూస్తే ‘మస్ట్ లవ్ డాగ్స్’లోని దూత లోపం తెలుస్తుంది. నలుని హంసకు అతని దయ అనుభవపూర్వకంగా తెలుసు. అరువు శునకానికి జేక్‌ను గురించి ఏమీ తెలియదు. అది సాక్షి కాదు, అలంకారం మాత్రమే.

4. ఐదుగురు నలులు:
దమయంతి స్వయంవరంలో ఇంద్రాది దేవతలు నలుగురు నలరూపంతో కూర్చుంటారు. వారి కనులకు రెప్పపాటు లేదు, ఒంటికి చెమట లేదు, పాదాలు నేలను తాకవు, మెడలోని పూలు వాడవు. ఆ నిర్దోషత్వమే వారిని పట్టిస్తుంది. అంతర్జాల పరిచయ ప్రకటనలలోని మనుషులు ఈ వాడని పూమాలల వంటివారే. సారా ఒక ప్రకటనకు స్పందించి వెళ్లగా, ఎదురైన వ్యక్తి ఆమె తండ్రే కావడం ఈ భావానికి చక్కని హాస్యరూపం. అక్షరాల మాటున సొంత తండ్రినే గుర్తుపట్టలేకపోయిన ఘట్టం అది. చిత్రం మొత్తంలో విమర్శకు గట్టిగా నిలిచేది ఇదే.

5. మూల్యం లేని ప్రేమ:
నెల్లూరు సీమ కవి తిక్కన రచించిన మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజును ఒక శునకం అనుసరిస్తుంది. దానిని విడిచి రథం ఎక్కమని ఇంద్రుడు కోరితే, ఆశ్రయించినదానిని వదిలి స్వర్గానికి రానంటాడు ధర్మరాజు. ఆ శునకం అతడు పెంచినది కాదు. స్వామ్యం లేకపోయినా బాధ్యత ఉంది. మరి సారా, జేక్‌లకు కూడా స్వామ్యం లేదు కదా? తేడా మూల్యంలో ఉంది. ధర్మరాజు ప్రేమకు స్వర్గం పణం; వీరి శునకప్రీతికి చిత్రం ఏ పణమూ పెట్టలేదు. పతాక సన్నివేశంలో సారా నీటిలోకి దూకి జేక్ పడవను చేరుకోవడం ప్రణయపరీక్షే గాని, శీర్షిక పెట్టిన షరతుకు పరీక్ష కాదు.

హాస్యచిత్రాన్ని ఇతిహాసంతో తూచడం అనౌచిత్యమని అభ్యంతరం రావచ్చు. శీర్షికలో షరతు విధించినది చిత్రమే కనుక ఆ షరతు నెరవేరిందా అని అడగడం దాని కొలతతో దానిని తూచడమే. విడవలూరు తీరంలో రొయ్యల గుంటల గట్ల మీద కాపలావాళ్ల వెంట తిరిగే కుక్కలను చూసినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. వాటికి మెడపట్టీ ఉండదు, యజమాని పేరు ఉండదు. కాపలావాడు తన అన్నంలో నుండి రోజూ తీసి పెట్టే ముద్దే వారి బంధానికి ప్రమాణం.

6. ముగింపు:
‘మస్ట్ లవ్ డాగ్స్’ పుట్టుకను గాక స్వభావాన్ని అడిగి ఒక మంచి ప్రశ్న వేసింది. కాని స్వభావాన్ని ప్రకటనలో ఒక వాక్యంగానే మిగిల్చింది. కులగోత్రాల ప్రకటనలను విడిచి అభిరుచుల ప్రకటనలకు మళ్లుతున్న నేటి తెలుగు యువతకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. అభిరుచిని అరువు తెచ్చుకోవచ్చు, బాధ్యతను తెచ్చుకోలేము. దమయంతి నలుని చెమటను చూసి వరించింది. ధర్మదేవత ధర్మరాజు నిరాకరణను చూసి మెచ్చాడు. జంతుపాత్రలున్న తెలుగు ప్రణయ చిత్రాలను కూడా ఈ రెండు ప్రమాణాలతో పరిశీలించవలసి ఉంది.