ఎవరి ఇల్లు చారిత్రకం?

కాపాడవలసిన కట్టడాల జాబితా అంటే పురావస్తు శాఖ వ్యవహారమని మనవాళ్ళు పక్కన పెడతారు. పెట్టకూడదు. ఎవరి గోడ రాయిది, ఎవరి గోడ మట్టిది, ఎవరి చేతిలో పట్టా ఉన్నది, ఎవర్ని ఒక్క మాటతో ఖాళీ చేయించొచ్చు - చదవడం తెలిస్తే ఇదంతా ఆ జాబితాలోనే ఉంటుంది. ఈ మాట చెప్పడానికి అమెరికాలోని ఒక పల్లెటూరి కౌంటీని తీసుకుంటున్నాను. మనకు సంబంధంలేని చోటేం కాదది. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే మొదలైనవాళ్ళు దళిత్ పాంథర్స్ పెట్టినప్పుడు ఆ పేరు ఓక్లాండ్ బ్లాక్ పాంథర్ పార్టీని చూసి పెట్టుకున్నారు. ఓక్లాండ్ వాళ్ళు 1966లో ఆ చిరుతను అలబామా రాష్ట్రంలోని లౌండ్స్ కౌంటీ నుంచి తెచ్చుకున్నారు. పత్తి చేలల్లో పాలుకు చేసుకునే నల్లవాళ్ళు తమ పార్టీకి ఎన్నికల గుర్తుగా ఎంచుకున్న నల్ల చిరుత అది.

సెల్మాకూ మాంట్‌గోమరీకీ నడుమ ఉంటుంది లౌండ్స్. 1965 మొదట్లో అక్కడ పదిమందిలో ఎనిమిదిమంది నల్లవాళ్ళే. ఓటర్ల జాబితాలో మాత్రం ఒక్క నల్లమనిషి పేరు లేదు. ఆ మార్చిలో జరిగిన 54 మైళ్ళ ఓటుహక్కు యాత్ర ఈ కౌంటీ గుండానే సాగింది. యాత్ర ముగిసిన రోజు, మార్చి 25 రాత్రి, యాత్రికులకు కారు నడిపిన వయోలా లియుజోను ఈ కౌంటీ రోడ్డు మీదనే కాల్చి చంపారు. ఓటుకు పేరు రాయించుకున్నారన్న కోపంతో భూస్వాములు తమ కింద చేసుకునేవాళ్ళను ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. ఇల్లూ వాడిదే, చేనూ వాడిదే గదా! వెళ్ళగొట్టబడిన కుటుంబాలు డిసెంబరు చలిలో 80వ నంబరు రహదారి పక్కన గుడారాలు వేసుకున్నాయి. రాత్రిపూట వాటిమీద కాల్పులు జరిగేవి. అయినా కదల్లేదు. ఆ గుడారాల ఊరు, టెంట్ సిటీ, రెండేళ్ళ దాకా నిలబడింది.

1966 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం చారిత్రక కట్టడాల పరిరక్షణ చట్టం చేసింది. దానికింద జాతీయ రిజిస్టరు వచ్చింది. మరుసటి నెలలోనే లౌండ్స్‌లో నల్ల చిరుత గుర్తు మీద నిలబడినవాళ్ళు ఎన్నికల్లో ఓడిపోయారు. రెండూ ఒకే యేట జరిగినా ఒకదాన్నొకటి చూసుకోలేదు. 1970 దశకంలో రిజిస్టరు ఈ కౌంటీకి వచ్చినప్పుడు దాని కంటికి ముందు ఏం కనిపించాయి? లౌండ్స్‌బరో అనే చిన్న ఊరి చారిత్రక ప్రాంతం - అంతర్యుద్ధానికి ముందు పత్తి దొరలు కట్టించుకున్న తెల్లస్తంభాల మేడలు. దాంతోపాటు హేన్‌విల్‌లోని కోర్టు భవనం - అదీ ఆ కాలపుదే, అదీ స్తంభాలదే. స్తంభాల్ని లెక్కపెట్టిన కన్ను, ఆ స్తంభాల్ని నిలబెట్టిన బానిస చేతుల్ని లెక్కపెట్టలేదు.

కోర్టు సంగతే చూద్దాం. 1965 ఆగస్టు 20న హేన్‌విల్ జైలు నుంచి విడుదలైన కొందరు కార్యకర్తలు పక్కనున్న కొట్లో చల్లటి డ్రింకు కొనుక్కోబోయారు. టామ్ కోల్‌మన్ అనేవాడు తుపాకీ ఎత్తాడు. పదిహేడేళ్ళ నల్లపిల్ల రూబీ సేల్స్‌ను పక్కకు తోసి ఆ గుండుకు తాను బలయ్యాడు జోనాథన్ డేనియల్స్ అనే తెల్ల మతవిద్యార్థి. అందరూ తెల్లవాళ్ళే, అందరూ మగవాళ్ళే ఉన్న జ్యూరీ ఈ కోర్టులోనే కోల్‌మన్‌ను నిర్దోషి అన్నది. తీర్పు చెప్పిన భవనం రిజిస్టరులో ఉన్నది. హత్య జరిగిన కొట్టు ఇప్పుడు లేదు, గుర్తు పలక మిగిలింది. కోర్టును కూల్చమని నేననడంలేదు. ప్రతి ఆగస్టులో డేనియల్స్‌ను తలచుకుంటూ యాత్రగా వచ్చేవాళ్ళు ఆ కోర్టుహాల్లోనే, జడ్జి బల్లనే బలిపీఠం చేసుకుని ప్రార్థన చేస్తారు. భవనాన్ని చదవడమంటే అది. స్తంభాల శైలి ఒక్కటే చెప్పి ఊరుకుంటే తీర్పును దాచిపెట్టినట్టే.

కాల్హూన్ ఇంకొక ఉదాహరణ. 1892లో ఇద్దరు తెల్ల టీచరమ్మలు అక్కడ నల్లపిల్లలకు బడి పెట్టారు. బడితో పాటు భూమి కొని, ముక్కలుచేసి, నల్ల కుటుంబాలకు అమ్మే పథకం నడిచింది. పాలుకు చేసేవాడు పట్టాదారయ్యాడు. లౌండ్స్ చరిత్రలో ఇంతకన్నా పెద్ద సంగతి ఏముంది? రిజిస్టరులో కెక్కింది మాత్రం 'ప్రిన్సిపాల్ ఇల్లు' అన్న పేరు.

ఇది ఎవడో గుమాస్తా దురుద్దేశం కాదు, కొలతలోనే ఉన్నది. రిజిస్టరుకెక్కాలంటే మామూలుగా 50 ఏళ్ళు నిండాలి, కట్టడం తన పాత స్వరూపం, పాత సామాను పోగొట్టుకోకుండా ఉండాలి. రాయీ ఇటుకా ఉన్నవాడికి అది చేతనవుతుంది. గుడారానికి ఏం స్వరూపం? మట్టిగోడకు ఏం పాత సామాను? పేదవాడు నాలుగు డబ్బులు రాగానే కప్పు మారుస్తాడు, మార్చగానే 'స్వరూపం' పోతుంది. ఆస్తి నిలబెట్టుకున్నవాడి జ్ఞాపకమే జాతి జ్ఞాపకం అవడం ఇట్లాగే. రిజిస్టరుకెక్కినంత మాత్రాన సొంతదారు కూల్చుకోకూడదనేం లేదు. కానీ కేంద్రప్రభుత్వ పథకం ఏదైనా వస్తే ముందు ఆ కట్టడం సంగతి చూడాలి. ఆ మేరకు గౌరవం, ఆ మేరకు అడ్డు. గుడారాలకు ఏ అడ్డూ లేదు.

అయితే కొలత మారదా? మారింది. సెల్మా - మాంట్‌గోమరీ దారిని 1996లో జాతీయ చారిత్రక మార్గమన్నారు. 50 ఏళ్ళు నిండనే లేదప్పటికి. టెంట్ సిటీ చోట 2006లో మ్యూజియం తెరిచారు. ఉద్యమం చేసినవాళ్ళు నోరు మూసుకోలేదు కాబట్టి ఇవి వచ్చాయి. దీన్ని తక్కువచేసి మాట్లాడకూడదు.

కానీ అదే కౌంటీలో బతికున్నవాళ్ళ ఇళ్ళు చూడండి. నేల బంకమట్టి, నీళ్ళింకదు. మామూలు సెప్టిక్ ట్యాంకు పనిచెయ్యదు, పనిచేసేది కొనే స్తోమత లేదు. దొడ్డి మురుగు పెరట్లోనే నిలుస్తుంది. ఆ కౌంటీ బిడ్డ కాథరిన్ కోల్‌మన్ ఫ్లవర్స్ ఏళ్ళ తరబడి దీనిమీద పోరాడింది. 2021లో కేంద్ర న్యాయశాఖ విచారణ మొదలుపెట్టింది, 2023లో రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒప్పందం కుదిరింది. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. చచ్చిపోయిన దొర మేడకు జాతీయ రిజిస్టరు, బతికున్న నల్లవాడి ఇంటికి మురుగు. ఓటు కోసం గుడారాల్లో పడుకున్నవాళ్ళ మనవలే వీళ్ళు!

ఇప్పుడు మన ఊరికొద్దాం. కారంచేడులో 1985 జూలై 17న దాడి జరిగాక మాదిగలు చీరాలకు తరలిపోయి శిబిరంలో తలదాచుకున్నారు. మన టెంట్ సిటీ అది. చుండూరులో 1991 ఆగస్టు 6న చంపబడ్డవాళ్ళను ఊరి నడిబొడ్డునే పూడ్చిపెట్టి రక్తక్షేత్రమన్నారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. హేన్‌విల్ మనకు దూరమా?

1958 నాటి మన పురాతన కట్టడాల చట్టంలో సమాధిస్థలం కూడా కట్టడం కిందికే వస్తుంది. కానీ నూరేళ్ళు నిండాలి. అంటే రక్తక్షేత్రం 2091 దాకా ఆగాలి. అప్పటికి ఆ ఆగస్టును కళ్ళారా చూసినవాళ్ళెవరూ ఉండరు. కోట గోడ ఆగగలదు, దానికి రాయి ఉన్నది. మన చరిత్ర మనుషుల నోళ్ళలో ఉన్నది, అది ఆగలేదు.

అందుకని మన పరిశోధకులు చెయ్యవలసిన పని ఒకటున్నది. వాళ్ళ జాబితాలో చోటు అడగడానికి ముందు మన జాబితా మనం రాసుకోవాలి. నీళ్ళు తోడనివ్వని బావి, పాత మాలపల్లె హద్దు, రాత్రిబడి నడిచిన పూరిపాక చోటు, శిబిరం వేసిన జాగా - ఊరి పేరుతో, సర్వే నంబరుతో, చూసినవాళ్ళ మాటతో రాసుకోవాలి. దాని పక్కనే ఇంకో గడి గీయాలి: ఇవాళ ఆ పల్లెలో ఎన్నిళ్ళకు మురుగుకాలవ ఉన్నది, ఎన్నిళ్ళకు పట్టా ఉన్నది. ఆ రెండో గడి లేని జాబితా లౌండ్స్‌బరో జాబితా లాంటిదే అవుతుంది, మనం రాసినా సరే.